చిట్టెలుక బాకీ

మామూలు చిట్టెలుకకు డెంగ్యూ రాదు. ఏడిస్ దోమ కుట్టినా రాదు, వైరస్‌ను సూదితో నేరుగా రక్తంలోకి ఎక్కించినా పెద్దగా ఏమీ కాదు. మనిషి ఒంట్లోకి దిగాక ఈ వైరస్ తొలుత చేసే పనుల్లో ఒకటి కణాల్లో మోగే ప్రమాద ఘంటను ఆపెయ్యడం. ఎన్‌ఎస్5 అనే దాని ప్రొటీన్ మన కణాల్లోని స్టాట్2 అనే ప్రొటీన్‌ను దొరకబుచ్చుకుని నాశనం చేయిస్తుంది. దాంతో ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక ప్రొటీన్ పంపే కబురు చేరాల్సిన చోటికి చేరదు. చిట్టెలుక స్టాట్2 రవంత తేడాగా ఉంటుంది, వైరస్ దాన్ని పట్టుకోలేదు. ఆ రవంత తేడాయే చిట్టెలుకకు పెట్టని కోట.

ఆ కోట గోడను మనిషి కూల్చాడు. 1990ల్లో తయారైన ఏజీ129 రకం చిట్టెలుకలకు ఇంటర్‌ఫెరాన్ కబురు అందుకునే గ్రాహకాలు ఉండవు. ఆల్ఫా, బీటా ఇంటర్‌ఫెరాన్లవీ, గామా ఇంటర్‌ఫెరాన్‌దీ రెండూ జన్యువుల్లోనే తీసేశారు. వీటికి డెంగ్యూ ఎక్కిస్తే ఎక్కుతుంది. రక్తంలో వైరస్ పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, కొన్ని రకాల వైరస్‌తో ప్రాణమే పోతుంది. సింగపూర్ నుంచి బెల్జియం దాకా, డెంగ్యూకు మందు కనిపెట్టాలని బయల్దేరినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో ఒకచోట ఈ చిట్టెలుక దగ్గర ఆగినవాళ్లే.

జంతువులను మనిషి వాడుకోవడం తప్పా ఒప్పా అని శతాబ్దాలుగా సాగిన వాదాలన్నిటికీ ఒక ఊహ పునాది. జంతువు తన మానాన తాను ఉంది. మనిషి వచ్చి దాన్ని బలిచ్చాడు, తిన్నాడు, బండికి కట్టాడు. యజ్ఞం కోసమే పశువులను బ్రహ్మ సృష్టించాడని మనుస్మృతి చెప్పినప్పుడు కూడా ఆ సృష్టి బ్రహ్మ ఖాతాలో పడింది. ఏజీ129ను ఆ ఖాతాలో వేయడం కుదరదు. జబ్బు పడటానికే పుట్టించిన ప్రాణి అది. పుట్టించింది మనిషి.

పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే గానీ ఈ ప్రశ్న బరువు తెలియదు. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె, అడుగున ఊకో మొక్కజొన్న బెండు పొడో, వడగట్టిన గాలి. గుర్తు కోసం చెవికి చిన్న గాటు. తోకను కాస్త వెచ్చబెడితే అందులోని సిర ఉబ్బుతుంది, అక్కడ సూది గుచ్చి వైరస్ ఎక్కిస్తారు. మందు మాత్రం నోటి ద్వారానే ఇవ్వాలి, ఎందుకంటే రేపు మనిషి మింగేది మాత్ర. చిట్టెలుక మెడ వెనక తోలును రెండు వేళ్లతో పట్టి, కొన గుండ్రంగా ఉండే సన్నటి గొట్టాన్ని గొంతులోంచి పొట్టలోకి దించి మందు వదులుతారు. రోజుకు రెండుసార్లు. చెయ్యి తిరిగినవాళ్లకు అది క్షణాల పని. కొత్తవాళ్ల చేతిలో గొట్టం ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం ఉంది. రోజూ తూకం వేస్తారు. మొదటి బరువులో 20 శాతం పడిపోతే ఇక ఆపి, నొప్పి తెలియకుండా చంపేయాలన్నది చాలాచోట్ల పాటించే నియమం.

కొన్నింటికి మందు, కొన్నింటికి మందు కలపని ద్రావకం. రెండో గుంపు కుంగిపోతేనే మొదటి గుంపు కోలుకున్నదానికి అర్థం. మందు అద్భుతంగా పనిచేసి బతికి బట్టకట్టిన చిట్టెలుకను కూడా చివరికి చంపుతారు. కాలేయంలో, ప్లీహంలో వైరస్ ఎంత మిగిలిందో చూడాలి కదా.

ఇంత చేశాక చిట్టెలుక నిజం చెబుతుందా?

సెల్గోసివిర్ అని ఒక మందు ఉంది. ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు గింజల్లోని పదార్థం నుంచి దాన్ని తయారుచేశారు. డెంగ్యూ సోకిన ఏజీ129 చిట్టెలుకలను అది కాపాడింది. ఆ భరోసాతో సింగపూర్‌లో 50 మంది డెంగ్యూ రోగుల మీద పరీక్షించారు. 2014లో ఫలితం వెలువడింది: వైరస్ చెప్పుకోదగినంత తగ్గలేదు, జ్వరమూ తగ్గలేదు. ఎందుకని అడిగితే కారణాలు చాలానే చెప్పుకోవచ్చు. వాటిలో ఒకటి మామూలు బుద్ధికి కూడా అందేది. ప్రయోగశాలలో వైరస్ ఎక్కించిన వెంటనే మందు పెట్టొచ్చు. మనిషి మాత్రం ఒళ్లు కాలిపోయాకే ఆసుపత్రికి వస్తాడు, అప్పటికి వైరస్ తన ఆట సగం ఆడేసి ఉంటుంది.

దీనికి ఎదురు కథ ఎన్‌ఐటీడీ008ది. సింగపూర్‌లోని నోవార్టిస్ పరిశోధన కేంద్రం నుంచి 2009లో బయటికొచ్చిన అణువు అది. చిట్టెలుకల్లో వైరస్‌ను తుడిచిపెట్టినంత పని చేసింది. కానీ రెండు వారాల పాటు ఇచ్చి చూస్తే పెద్ద ఎలుకల్లో, కుక్కల్లో విషలక్షణాలు బయటపడ్డాయి. మందు అక్కడే ఆగిపోయింది, ఏ మనిషి ఒంట్లోకీ వెళ్లలేదు. మొదటి కథను చూపించి జంతు పరీక్షలు వృథా అనేవాళ్లు రెండో కథ చెప్పరు. రెండోదాన్ని చూపించి జంతు పరీక్షలు తప్పనిసరి అనేవాళ్లు మొదటిది దాటేస్తారు. రెండూ ఒకే జబ్బు కథలే.

ఇందులో ఇంకో వింత ఉంది. డెంగ్యూలో మనిషిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వైరస్ ఒక్కటే కాదు, దాని మీద శరీరం చేసే యుద్ధం కూడా. జ్వరం తగ్గే వేళకు రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోవడం, రెండోసారి వేరే రకం డెంగ్యూ సోకినప్పుడు పాత యాంటీబాడీలే కొత్త వైరస్‌కు దారి చూపడం – ఇవన్నీ రోగనిరోధక వ్యవస్థ నాటకంలో అంకాలే. ఆ నాటకంలో ముఖ్యపాత్రను తీసేసిన చిట్టెలుకలో ఆ నాటకాన్ని చూడాలనుకోవడం విచిత్రమే. శాస్త్రవేత్తలకు ఈ సంగతి తెలియక కాదు. ఇంతకన్నా మంచిది చేతిలో లేక.

అసలు జంతువుల జోలికి వెళ్లకుండా ఉంటే? చరిత్ర దీనికి జవాబు చెప్పే ఉంది, ఆ జవాబు వినడానికి అంత బాగుండదు. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును తియ్యటి ద్రావకంలో కలిపి, ఏ పరీక్షా లేకుండా అమ్మారు. ఆ ద్రావకం విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది: మందు ప్రమాదం లేనిదని అమ్మకానికి ముందే నిరూపించాలి. ఆ నిరూపణ భారం చాలావరకు జంతువుల వీపు మీద పడింది.

దోమల జబ్బుల చరిత్రలో ఇంకా చీకటి గది ఒకటుంది. 1933లోనే జర్మనీలో నాజీ ప్రభుత్వం జంతు సంరక్షణ చట్టం తెచ్చింది, జంతువుల మీద ప్రయోగాలకు కట్టుబాట్లు పెట్టింది. అదే ప్రభుత్వం కింద డాహౌ నిర్బంధ శిబిరంలో క్లాజ్ షిల్లింగ్ అనే మలేరియా నిపుణుడు వెయ్యిమందికి పైగా ఖైదీలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షించాడు. 1946లో అతన్ని ఉరితీశారు. అవే సంవత్సరాల్లో అమెరికాలో, ఇలినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైల్లో ఖైదీలకు దోమలతో మలేరియా అంటించి మందులు చూశారు. వాళ్లు ఒప్పుకునే వచ్చారన్నారు, నాలుగు గోడల మధ్య ఉన్నవాడి ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలో గానీ. 1947 నాటి నురెంబర్గ్ నియమావళిలో, మనిషి మీద ప్రయోగం చేసేముందు జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ఆధారంగా ఉండాలన్న షరతు చేరింది ఈ నేపథ్యంలోనే. ఈనాటి ప్రయోగశాల చిట్టెలుక ఒక విధంగా డాహౌ ఖైదీ స్థానంలో నిలబడి ఉంది. చిట్టెలుకను అక్కడి నుంచి తప్పించాలనేవాళ్లు ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో కూడా చెప్పాలి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు, సికింద్రాబాద్ దాకా వెళ్తే చాలు. 1897లో రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ పట్టుకోవడానికి తన దోమల చేత కుట్టించింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పాడు. ఆగస్టు 20న సూక్ష్మదర్శినిలో కనిపించిన నల్లటి చుక్కలు రాస్‌ను 1902లో నోబెల్ దాకా తీసుకెళ్లాయి. మరుసటి ఏడాది కలకత్తాలో, ప్లేగు భయాల మధ్య, మనుషులు రాస్ సూదికి దొరకలేదు. అప్పుడాయన పక్షుల వైపు తిరిగాడు. దోమ నుంచి ఒంట్లోకి మలేరియా ఎలా చేరుతుందో పూర్తిగా తేల్చింది ఆ పక్షులే. మనిషి దొరక్కపోతే పక్షి, పక్షి దొరక్కపోతే మనిషి. ఈ శాస్త్రం పుట్టుకలోనే ఈ మార్పిడి ఉంది.

సరే, మన సంప్రదాయాలు దీన్ని ఎలా చూస్తాయి? అహింసా పరమో ధర్మః అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకోవడం సులువు. ఆ మాట అన్నవాళ్లు దాని తరవాత ఎంత లెక్క వేశారో చూడటం కష్టం.

జైనుల లెక్క అన్నిటికన్నా నిక్కచ్చి. ప్రాణులను ఇంద్రియాల సంఖ్యను బట్టి మెట్లు మెట్లుగా పేరుస్తారు. చెట్టుచేమలకు ఒకటే ఇంద్రియం, స్పర్శ. దోమకు, ఈగకు నాలుగు. చిట్టెలుకకు అయిదు. అంటే డెంగ్యూ కథలో చంపబడుతున్న రెండు ప్రాణుల్లో చిట్టెలుకదే పై మెట్టు, అదీ కుక్కతో, కోతితో, మనిషితో కలిసి. మన చట్టం దీన్ని ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, చిన్న ప్రాణులతో పని జరిగేటప్పుడు పెద్ద జంతువులను వాడొద్దంటుంది. గినీపందులు, కుందేళ్లు, కప్పలు, ఎలుకలు ఆ చట్టం దృష్టిలో చిన్నవి. ఎందుకు చిన్నవి? తూకం తక్కువనా, ముద్దు తక్కువనా? బీగల్ కుక్క కళ్లలోకి చూస్తే కలిగే జాలి చిట్టెలుక కళ్లలోకి చూస్తే కలగదు. మనసులోని ఆ తేడాను చట్టం తూకంగా మార్చింది. జైన మునిని అడిగితే ఈ తక్కెడకు ముల్లే లేదంటాడు.

అయితే గృహస్థు బతకాలని జైనులకూ తెలుసు. హింసను వాళ్లు నాలుగు రకాలుగా విడదీశారు: చంపాలనే చంపడం, ఇంటిపనిలో జరిగిపోయేది, వృత్తిలో జరిగేది, ఆత్మరక్షణలో చేసేది. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా వదలాలి, తక్కినవి వీలైనంత తగ్గించాలి. మరి మందు పరీక్ష ఏ గదిలోకి వస్తుంది? చేసేవాడు వృత్తి అంటాడు. సమాజం తరఫున ఆత్మరక్షణ అనీ వాదించవచ్చు. కానీ చిట్టెలుక మనిషి మీదికి రాలేదు, వచ్చింది దోమ. తోకలో సూది గుచ్చేటప్పుడు ఆ చెయ్యి పొరపాటున గుచ్చదు. ఎటు చూసినా మొదటి గది నీడ దాని మీద పడుతూనే ఉంటుంది.

వైదిక సంప్రదాయం ఇంకో దారి పట్టింది. గృహస్థు ఇంట్లో అయిదు కబేళాలు ఉన్నాయంటుంది మనుస్మృతి: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. పంచసూనలు. వాటి దగ్గర రోజూ తెలియకుండా ఎన్నో ప్రాణాలు పోతాయి. ఏ ఇల్లాలూ పొయ్యి మానేయలేదు, మానమని ఎవరూ చెప్పలేదు. దానికి బదులు రోజూ అయిదు మహాయజ్ఞాలు చెయ్యమన్నారు. వాటిలో ఒకటి భూతయజ్ఞం, తినబోయే అన్నంలోంచి తక్కిన ప్రాణులకు పెట్టడం. తప్పనిసరి పని కాబట్టి తప్పు లేదని అనలేదన్నది గమనించాల్సిన సంగతి. తప్పనిసరే, అయినా బాకీ పడ్డావు, ఆ బాకీని ఈ పూటే తీర్చడం మొదలుపెట్టు అన్నారు. మహాభారతం అరణ్యపర్వంలో, మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి చెప్పింది కూడా ఈ కోవదే: నాగలి దున్నినా ప్రాణాలు పోతాయి, నడిచినా పోతాయి, హింస అంటని మనిషి ఎక్కడున్నాడు? ఆయన దుకాణం మూయలేదు. పుణ్యాత్ముడిననీ చెప్పుకోలేదు.

ఇక ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ సూది పట్టుకున్న ప్రతివాడికీ తగులుతుంది. దొంగలు ఆశ్రమంలో దాక్కున్నందుకు రాజు ఈ మునిని కొర్రు వేయించాడు. ఏ పాపానికి ఈ శిక్ష అని యముణ్ని నిలదీస్తే, చిన్నప్పుడు ఎగిరే పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావని జవాబొచ్చింది. కథ అక్కడితో ఆగితే నీతికథ అయ్యేది. మాండవ్యుడు మాత్రం ఊరుకోలేదు. పసితనంలో తెలియక చేసిన చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముడికే శాపం పెట్టాడు, పద్నాలుగేళ్లు నిండేదాకా చేసినదాన్ని పాపంగా లెక్కించకూడదని కొత్త కట్టడి చేశాడు. యముడు విదురుడై పుట్టాడు. పురుగు బాధను లెక్కలోకి తీసుకున్న కథే, లెక్క తప్పు వేసిన ధర్మదేవతను కూడా శిక్షించింది. గుచ్చింది ఎవరు, తెలిసి గుచ్చారా, ఎందుకు గుచ్చారు అన్నవి కూడా తూకంలోకి రావాలని మాండవ్యుడి పట్టు. ప్రయోగశాలలో గుచ్చేవాడికి పద్నాలుగేళ్లు ఎప్పుడో దాటాయి, తెలిసే గుచ్చుతున్నాడు. అతని తరఫున మిగిలిన వాదం ‘ఎందుకు’ ఒక్కటే.

పూర్వీకుల వైద్యం చీమకు కూడా హాని చెయ్యలేదనుకునేవాళ్లకు ఒక మాట. చరక సంహితలో మాంసాలకు ఒక వర్గమే ఉంది. ఏ జబ్బుకు ఏ జంతువు మాంసరసం పట్టించాలో చరకుడు మొహమాటం లేకుండా చెబుతాడు. ధర్మశాస్త్రం ఒక గదిలో, వైద్యశాస్త్రం పక్క గదిలో కూర్చుని తమ పని తాము చేసుకోవడం ఈనాటిది కాదు. జీవచ్ఛేదాన్ని, అంటే బతికున్న జంతువులను కోసి చేసే ప్రయోగాలను, అన్ని విధాలా ఈసడించిన గాంధీ కూడా 1924 జనవరిలో పూనా సాసూన్ ఆసుపత్రిలో అపెండిసైటిస్ శస్త్రచికిత్సకు బల్ల మీద పడుకున్నాడు. ఇది ఎత్తిపొడుపు కాదు. ఒంట్లో జబ్బు ఉన్నప్పుడు ఎవరి తత్వమైనా కొంచెం సర్దుకుంటుంది.

ఈ రెండు గదుల మధ్య తలుపు తీసినవాడు ఒకడున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శిలాశాసనంలో చక్రవర్తి తన వంటింటి లెక్క చెబుతాడు. ఒకప్పుడు అక్కడ రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. శాసనం చెక్కించే నాటికి మూడింటినే చంపుతున్నారు: రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింకనూ రోజూ కాదు. ముందుముందు ఇవీ ఉండవని మాట ఇస్తాడు. రెండో శాసనం వైద్యం గురించి: మనుషులకూ పశువులకూ చికిత్స, ఓషధులు లేనిచోట వాటిని తెప్పించి నాటించడం. మిగిలిపోయిన ఆ రెండు నెమళ్లూ ఒక జింకా రాయకుండా దాచుకోవచ్చు. ఏ రాజైనా దాచుకుంటాడు. అశోకుడు వాటిని రాతి మీద చెక్కించాడు, ఇంకా ఆపలేకపోయినదాన్ని పేరుపెట్టి చెప్పాడు.

ఈనాటి జంతు పరిశోధనకు కావలసింది ఈ పద్ధతే అనిపిస్తుంది. పాపమా కాదా అని తీర్పు చెప్పే పీఠాలు చాలా ఉన్నాయి. ఎన్ని మిగిలాయి, ఎందుకు మిగిలాయి, ఎప్పటికి తగ్గుతాయి అని బహిరంగంగా లెక్క చెప్పేవాళ్లు తక్కువ.

చట్టం కొంత అడుగుతుంది. 1950ల్లో రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో జంతు హింసకు వ్యతిరేకంగా సొంత బిల్లు పెట్టింది. ప్రభుత్వమే తెస్తుందన్న నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకుంది. అలా వచ్చిందే 1960 చట్టం. పరిశోధన కోసం చేసే ప్రయోగాన్ని అది నిషేధించలేదు, పర్యవేక్షణకు కమిటీ వేసింది. ఇప్పుడు ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ఉండాలి, అందులో శాస్త్రవేత్త కాని మనిషీ కూర్చోవాలి. ఎన్ని జంతువులు, అన్నే ఎందుకు, నొప్పి ఎలా తగ్గిస్తారు, ప్రయోగం తరవాత వాటి గతి ఏమిటి అని ఫారం అడుగుతుంది. పెద్ద జంతువులకైతే ప్రయోగం అయ్యాక ఆలనాపాలనా ఖర్చు కూడా ప్రాజెక్టు లెక్కలోనే చూపాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ చివరి షరతు రాసినవాళ్లకు పంచసూనల సంగతి తెలిసినా తెలియకపోయినా, ఆలోచన అదే.

బాకీ అనే ఊహ ఒక్క భారతీయులదే అనుకోనక్కర్లేదు. జపాన్ ప్రయోగశాలల్లో ఏటా ఒకరోజు చనిపోయిన జంతువుల కోసం స్మారక కర్మ చేస్తారు. శాస్త్రవేత్తలు, జంతుశాల సిబ్బంది వరసలో నిలబడి పువ్వులు పెడతారు. కొరియాలోనూ ఉంది. సైబీరియాలోని నొవోసిబిర్స్క్‌లో 2013లో ప్రయోగశాల చిట్టెలుకకు విగ్రహమే పెట్టారు. కళ్లజోడు పెట్టుకున్న ముసలి చిట్టెలుక ఊలుతో డీఎన్‌ఏ అల్లుతూ కూర్చుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. అయితే పువ్వులతో, కంచుతో బాకీ తీరదు. పూలు పెట్టిన మర్నాడే అనవసరమైన ప్రయోగం మళ్లీ మొదలైతే ఆ కర్మ ఎవరి మనశ్శాంతి కోసం?

తీర్చడానికి పనికొచ్చే నాణేలు వేరే ఉన్నాయి. విఫలమైన ప్రయోగాన్ని కూడా ప్రచురించడం వాటిలో మొదటిది. ఒకచోట చిట్టెలుకల్లో పనిచేయలేదని తేలిన అణువును, ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇంకోచోట మళ్లీ పరీక్షిస్తే, ఆ రెండో గుంపు చావుకు ఏ ‘ఎందుకు’ మిగలదు. చాలీచాలని సంఖ్యలో జంతువులను వాడి ఏమీ తేల్చలేని ప్రయోగం కూడా అంతే. తక్కువ చంపామన్న సంతృప్తి తప్ప ఏమీ మిగలదు. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలు చెప్పారు. ఆరు దశాబ్దాలు దాటాక చట్టాలు అటు కదులుతున్నాయి. 2022 డిసెంబరులో అమెరికా, 2023లో భారతదేశం మందుల నియమాలను సవరించి, జంతువులు లేని పరీక్షలకూ చోటిచ్చాయి. హైదరాబాద్‌లో ఈ పాత కొత్తలు రెండూ ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగశాల జంతువులను పెంచి దేశమంతటికీ ఇచ్చింది. అక్కడికి దగ్గరలోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ప్రాంగణంలో మనిషి కణాలతోనే నమూనాలు తయారుచేసే దారి వెతుకుతున్నారు. చిప్ మీద పెంచిన కాలేయం మందు విషమో కాదో కొంత చెప్పగలదు. రక్తనాళాలు కారిపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఒళ్లంతా కలిసి జబ్బు పడటం ఇంకా చెప్పలేదు.

ఈ బాకీల లెక్కలో తెలుగువాళ్లది పాత ఖాతా. భీమవరంలో పుట్టి, యవ్వనంలో సన్యాసం పుచ్చుకోవాలని మద్రాసు రామకృష్ణ మఠాన్ని ఆశ్రయించి, వైద్యం చదవమన్న సలహాతో వెనక్కి వచ్చినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1947లో అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆయన బృందం బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చింది. ఇదీ దోమ తెచ్చే జబ్బే, గోదావరి డెల్టాకు బాగా పరిచయమైనదే. ఆ అణువును పట్టిచ్చింది కాటన్ ర్యాట్ అనే అమెరికా అడవి ఎలుక. దాని ఒంట్లో ఫైలేరియా పురుగు సహజంగా ఉంటుంది, రక్తంలో పిల్ల పురుగులు తగ్గాయో లేదో లెక్కపెట్టి వందల అణువులను జల్లెడ పట్టారు. ఏడాదికోసారి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి కళ్లముందే మింగించే డీఈసీ మాత్ర అదే. సన్యాసి కాబోయినవాడు ఎలుకల లెక్కలో మునిగాడు, కోట్లమంది కాళ్లు నిలిచాయి. అక్కడ ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు ఊళ్లలో నడుస్తూ కనిపిస్తుంది.

డెంగ్యూకు ఆ జవాబు ఇంకా రాలేదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.4 కోట్లకు పైగా కేసులు నమోదయ్యాయి. వార్డులో ఉన్నది మాత్రం ఎప్పటిలాగే పారాసిటమాల్, సెలైన్, ప్లేట్‌లెట్ల లెక్క. వచ్చినట్టే వచ్చి ఆగిపోయిన మందు కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో యోహాన్ నైట్స్ బృందం, జాన్సెన్ కంపెనీతో కలిసి, డెంగ్యూ వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడే ఎన్‌ఎస్3, ఎన్‌ఎస్4బీ ప్రొటీన్ల జతను విడగొట్టే అణువును పట్టుకుంది. 2021లో మొదటి అణువు ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. చిట్టెలుకల్లో వైరస్ ఉధృతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టినా అది పనిచేసింది. సెల్గోసివిర్ కథ తెలిసినవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు, అది ఎంత పెద్ద సంగతో. 2023లో దాని తమ్ముడు మోస్నోడెన్విర్ రీసస్ కోతుల్లోనూ పనిచేసిందని తేలింది.

తరవాత జరిగింది శిబి చక్రవర్తి కథను గుర్తుచేసేది. పావురం బరువుకు సరిపడా తన తొడ మాంసం కోసి తక్కెడలో వేసిన రాజు ఆయన, వేరొకరి మాంసం వేయలేదు. అమెరికాలో కొందరు ఆరోగ్యవంతులు తెలిసి, ఒప్పుకుని, బలహీనపరిచిన డెంగ్యూ వైరస్‌ను ఒంట్లోకి ఎక్కించుకున్నారు, ముందూ తరవాతా ఆ మాత్ర మింగారు. ఎక్కువ మోతాదు తీసుకున్న 10 మందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే కనిపించలేదు. స్టేట్‌విల్ ఖైదీకీ వీళ్లకూ మధ్య ఉన్న దూరం తలుపుకు తాళం ఎటువైపు ఉందన్నదే. అయితే వీళ్లు తక్కెడ ఎక్కడానికి ముందే చిట్టెలుకలూ కోతులూ ఎక్కి దిగాయని మరిచిపోకూడదు.

2024 అక్టోబరులో ఆ కంపెనీ మోస్నోడెన్విర్ రెండో దశ క్షేత్ర పరీక్షను ఆపేసింది. భద్రత సమస్యేమీ లేదని చెప్పింది. అంటువ్యాధుల పరిశోధనలో తన ప్రాధాన్యాలను మార్చుకుంటున్నానంది. చిట్టెలుకలు తమ వంతు చెప్పాయి, కోతులు చెప్పాయి, మనుషులు కూడా చెప్పారు. సైన్సు వైపు నుంచి వద్దన్నవాళ్లెవరూ లేరు. ఆగింది లెక్కల పుస్తకం దగ్గర.

జంతు నైతిక సంఘం ఫారంలో సంఖ్యకు గడి ఉంది, నొప్పికి గడి ఉంది, చివరికి ఎలా చంపుతారన్నదానికీ ఉంది. మందు పనిచేస్తే దాన్ని జబ్బు మనిషి నోటిదాకా తీసుకెళ్లే పూచీ ఎవరిది అని అడిగే గడి లేదు. పెడితే కంపెనీలు దోమల జబ్బుల వైపే రావంటారు, ఎందుకంటే డెంగ్యూ రోగుల్లో కొనలేనివాళ్లే ఎక్కువ. ఆ వాదనను తీసిపారేయలేం. కానీ కంపెనీ మానుకున్న అణువును, దాని ఫలితాలతో సహా, చెయ్యగలిగిన ఇంకొకరికి అప్పగించాలన్న షరతు పెట్టడానికి ఏ కంపెనీ లాభమూ అడ్డురానక్కర్లేదు. ప్రయోగానికి అనుమతి అడిగే రోజునే ఆ సంతకం కూడా తీసుకోవచ్చు. శాస్త్రవేత్త కాని సభ్యుడు ఆ గదిలో కూర్చునేది ఇలాంటి మాట అడగడానికే.